మోతి ముట్టని కూర

ఉప్పలమ్మకు కోపం ముక్కు మీదనే ఉంటదని మాణికేశ్వర్ నగర్ బస్తీ అంతా అంటది. అంటే అననియ్యి! ఆర్ట్స్ కాలేజీకి రాళ్లు చెక్కిన సమ్మయ్య పెండ్లాం, మొగడు పోయినంక యూనివర్సిటీ హాస్టల్ల చీపురు పట్టిన మనిషి. నోరు లేకుంటే ఈ పట్నంల బతుకనిస్తరా? ఆమె ఊడ్చిన వరండాల మట్టి చెప్పులతోని నడిచిన పిలగానికి ఆ పూట అన్నం సయించేది కాదు, అన్ని తిట్లు పడేటియి. ఆ తిట్లకు తోక ఊపేది మోతి ఒక్కతే.

మోతి అంటే కుక్క. రాళ్లగుంత కాడ దొరికిన పిల్లను సమ్మయ్య కండువల చుట్టుకొని ఇంటికి తెచ్చిండు. "మనకే గంజికి గతి లేదు, దీన్ని ఎవడు సాకాలె?" అని ఆనాడు ఉప్పలమ్మ ఒంటికాలు మీద లేచింది. ఇప్పుడు సమ్మయ్య లేడు. పొద్దుగాల పనికి బయలెల్లితే వెనుక మోతి, సాయంత్రం ఇల్లు చేరితే ముందట మోతి. ఇంట్ల మాట్లాడుదామంటే ఉన్న ప్రాణం అదొక్కటే.

ఇది పందొమ్మిది వందల అరవై ఏడుల ముచ్చట. హాస్టల్ మెస్సును గుత్తకు పట్టిన రాజలింగం ఒకనాటి పొద్దున ఉప్పలమ్మ గిన్నెల ఇంత మటన్ కూర పోసిండు. "మిగిలింది, తీస్కపో. కుక్కకే గద" అన్నడు. ఆమెకు జలుబు చేసి ముక్కులు మూసుకపోయి ఉన్నయి, వాసన తెలువలే. తెచ్చి పెట్టింది. మోతి తిన్నది, మధ్యాహ్నానికల్లా కక్కింది. తెల్లారి చూస్తే మూతి నుంచి సొల్లు కారుతున్నది, హాస్టల్ గోడ పక్కన ముడుసుకొని పన్నది, ఏమేసినా ముడుతలేదు.

రాజలింగానికి మోతి అంటే మొదటి నుంచి గిట్టదు. మెస్సు సామాను గది కాడ ఎవరు మసిలినా మొరుగుతది. ఇదే సందనుకొని వార్డెన్ వెంకటనర్సయ్య సారు కాడికి ఉరికిండు. "సార్, కుక్కకు పిచ్చి లేసింది. నోట్లె సొల్లు, తిండి ముడుతలేదు. పిలగాండ్లను కరిస్తే జిమ్మేదారి ఎవరిది?"

సారు మెత్తటి మనిషి. మెత్తటోళ్లతోనే అసలు గోస! ఎవడు గట్టిగ చెప్తే వాని మాటే వింటరు. కుక్కలు పట్టే మనిషిని పిలిపియ్యమన్నడు. సాయంత్రం కొసకు తాడు ఉచ్చు కట్టిన ఉరికట్టె పట్టుకొని వస్తడని తేలింది.

ఉప్పలమ్మ చీపురు పడేసి సారు ముందట నిలవడ్డది. "చంపదల్చిన కుక్కకు పిచ్చిదని పేరు పెట్టినట్టున్నది మీ యవ్వారం! పొద్దుగాలనే నీళ్లు తాగింది సారూ. పిచ్చి లేసింది నీళ్లు తాగుతదా?"

"ఎవరు చూసిండ్రు?" అన్నడు రాజలింగం.

"నేను చూసిన!"

"నీ కుక్క, నీ సాక్ష్యం. మంచిగుంది."

సారు కండ్లద్దాలు తుడుసుకున్నడు. "అందరి ముందట తిని తాగితే ఇడిచిపెడుత ఉప్పలమ్మా. సాయంత్రం దాక చూస్త. అంతకంటె నేనేం చెయ్యలేను."

ఏం చెయ్యలేడట! పెద్ద కుర్సీల కూసోని ఏం చెయ్యలేడట! తార్నాక దాక ఆమె ఆ మాటనే పండ్ల నడుమ నూరుకుంట నడిచింది. కడుపు చెడ్డ కుక్కకు ఏది నిలుస్తదో ఆమెకు ఎరుకే. ఎముక ఉండొద్దు, కొవ్వు ఉండొద్దు, ఆనాడు కోసిందే కావాలె. మెత్తగ ఉడికించి జారుగ చేస్తే తిండీ అదే, నీళ్లూ అదే. గొంతు దిగిందా, ఇగ పిచ్చిదనే నోరు మూతపడుతది.

మటన్ దుకాణం దానయ్య ఆమెను చూసి నవ్విండు. "ఏం గావాలె అక్కా?"

"కార్జం ఇయ్యి. ఇంత మెత్తటి కండ కైమా కొట్టు. మోతికి."

దానయ్య చెయ్యి కొక్కేనికి వేలాడే పొట్టేలు మీది నుంచి తప్పుకొని మొద్దు కింది గంపల వడ్డది. ఈగలు ముసిరిన నల్లటి తునకలు తీసి ఆకుల పెట్టిండు. "కుక్కకే గద అక్కా!"

ఉప్పలమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "కుక్కకే గద! గా మెస్సోడు గదే మాట, నువ్వు గదే మాట! దానిది పొట్ట గాదా, మోరీయా, పాడైందల్లా పోయనీకి? నీ నోట్లె మన్నువడ! ఇయ్యాల అది తినకపోతే సాయంత్రం దాని మెడకు ఉరేస్తరు, ఎరుకేనా నీకు?" అందరి ముందట కండ్లల్ల నీళ్లు వచ్చినందుకు ఇంకింత కోపమొచ్చింది.

దానయ్య ఆకు అవతల పారేసి, పొట్టేలు నుంచి తాజా కార్జం కోసిండు. అయినా ఆమె నమ్ముతదా? వేలితోని ఒత్తి చూసింది, బిగువుగనే ఉన్నది. వాసన చూద్దామంటే ముక్కు సహకరించకపాయె. పక్కన నిలవడ్డ ముసలామె మూతికి ఆకు ఆనిచ్చి, "అవ్వా, నా ముక్కు పాడుగాను, జర నువ్వు చూడు" అన్నది. మంచిగుందని అవ్వ తల ఊపినంకనే కొంగుల కట్టుకున్నది.

ఇంటికొచ్చి పొయ్యి ముట్టిచ్చింది. నూకలు గంజి తీరుగ ఉడికించి, కార్జం, కైమా అండ్లనే మెత్తగ చేసి, చల్లారినంక చేతితోని పిసికింది. ఉప్పు లేదు, కారం లేదు, ఉల్లిగడ్డ లేదు. పిసికినంత సేపు రాజలింగాన్ని తిట్టింది, సారును తిట్టింది, ఆఖరికి సచ్చిపోయిన సమ్మయ్యను గూడ వదలలే. "తెచ్చి నా నెత్తిన పెట్టి నీ దారిన నువ్వు పోతివి. ఇగ దీన్ని గూడ తీస్కపోతవా? తీస్కపో చూస్త!"

సాయంత్రం హాస్టల్ వెనుక జనం పోగయిండ్రు. సారు, రాజలింగం, అన్నానికొచ్చిన పిలగాండ్లు, ఉరికట్టె పట్టుకున్న మనిషి. ఉప్పలమ్మ గిన్నె దింపబోతుంటే రాజలింగం అడ్డం వచ్చిండు. "అండ్ల ఏం పసరు కలిపి తెచ్చిందో! రోజూ తినే మెస్సు కూర పెడుదాం సార్. ఇయ్యాల వండిందే, పొగలు కక్కుతున్నది."

సారు తల ఊపిండు. ఊపకేం చేస్తడు! రాజలింగం మటన్ కూర ప్లేటు తెచ్చి మోతి ముందట పెట్టిండు. మోతి లేసింది. ముక్కు చాపి వాసన చూసింది. మూతి తిప్పుకొని రెండడుగులు వెనుకకు జరిగి గోడకు ఆనుకున్నది.

"చూసిండ్రా! పిచ్చిదే!" అని కేకేసిండు రాజలింగం. ఉరికట్టె ముందటికొచ్చింది.

"ఆగుండ్రి!" ఉప్పలమ్మ ఆ కట్టెకు అడ్డం పడి తన గిన్నె కింద పెట్టింది. "తినే... నా తల్లి గదా, తినే."

మోతి వాసన చూసింది. ఒక్కసారి నాలుక ఆనిచ్చింది. ఆగింది. ఇగ అయిపాయె అనుకున్నది ఉప్పలమ్మ. అప్పుడు వంచిన తల మళ్ల ఎత్తలే. జారును జుర్రుకుంట జుర్రుకుంట గిన్నె అడుగు దాక నాకింది, గిన్నె గచ్చు మీద గీరుకుంట జరిగింది. వెంటనే పెట్టిన నీళ్లు గూడ తాగింది. ఉరికట్టె మనిషి కట్టెను భుజానికేసుకున్నడు.

ఇంకొకతె అయితే కుక్కను కావలిచ్చుకొని ఇంటికి పోయేది. ఉప్పలమ్మ వంగి రాజలింగం ప్లేటు తీసింది. తీస్కపోయి వాని మూతి ముందట పట్టింది.

"నా మోతి పిచ్చిది గాదు. నువ్వు గూడ పిచ్చోనివి గాదు గద? తిను."

"కుక్క ముందట పెట్టిన ప్లేటు నేనెట్ల తింటనే?"

"అయితే కూర వండిన గంజుల నుంచి వేరే పెట్టిచ్చుకో. గీ పోరగాండ్లు చూస్తుంటే ఒక్క ముద్ద తిను. వీళ్లకు వడ్డించేది గదే గద!"

రాజలింగం సారు దిక్కు చూసిండు. సారు ఉప్పలమ్మ చేతిల నుంచి ప్లేటు తీసుకొని తానే వాసన చూసిండు, చూసి ముఖం పక్కకు తిప్పుకున్నడు, ఇందాక మోతి తిప్పుకున్నట్టే.

లోపల అన్నానికి గంట కొట్టిండ్రు. ఒక్క పిలగాడు గూడ కదలలే.