పిన్ని సీటులో ల్యాప్‌టాప్

బాబాయికి వ్యాను నడపడం వచ్చు గానీ దారి అడగడం రాదు. అడిగితే మీసం ఊడిపోతుందనుకుంటాడో ఏమో! ఇళ్ళు మారేవాళ్ళ బీరువాలూ మంచాలూ చేరవేసే వ్యాను అది. పెళ్ళయినప్పటి నుంచీ పక్క సీట్లో కూర్చుని, సందుసందుకూ దిగి దారి అడిగే పని భార్యదే. అందుకే అందరూ ఆవిడని వ్యాను పిన్ని అంటారు. అడగడానికి దిగితే పిన్ని ఒక్క దారి మాత్రమే తెలుసుకుని రాదు. బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ మోకాళ్ళ నొప్పులు, తాళాలు బాగుచేసే ఆయన కూతురి పరీక్షలు, అన్నీ మూటగట్టుకుని వస్తుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని ఆవిడ నమ్మకం. ఆ కబుర్లన్నీ చెబుతుంటే బాబాయి వినీ విననట్టు గేరు మారుస్తాడు.

అలాంటి పిన్ని సీట్లో ఒకరోజు పొద్దున్నే ల్యాప్‌టాప్ కూర్చుని ఉంది. దర్జాగా సీటు బెల్టు కూడా పెట్టుకుంది.

"మరి నేనెక్కడ కూర్చోవాలండీ?"

"ఇంట్లో! హాయిగా రెస్టు తీసుకో. ఇందులో ఊరి మ్యాపంతా ఉంది. అదిగో, అద్దం దగ్గర చిన్న బిళ్ళ చూశావా? జీపీఎస్ రిసీవర్. మనమెక్కడున్నామో పైనున్న ఉపగ్రహాలని అడిగి చెబుతుంది. దానికి ఆకాశం కనబడితే చాలు. రేకుల షెడ్డులోకి వెళ్తేనే పాపం గుడ్డిదైపోతుంది."

పిన్నికి కడుపు మండిపోయింది. రెస్టట, రెస్టు! గోడలతో మాట్లాడుతూ కూర్చోవాలా? కానీ పైకి నవ్వుతూ లోపలికెళ్ళి, ఖాళీ బిస్కెట్ల రేకు డబ్బా తెచ్చింది.

"ఎండకి మాడిపోతుందండీ. కుదుపులకి జారిపోతుంది కూడా. ఇందులో పెట్టుకోండి."

భార్య శ్రద్ధకి బాబాయి కరిగిపోయాడు. వైరుకి మూత అంచున చిన్న గాటు కూడా పెట్టి, రిసీవర్‌ని డబ్బాలో భద్రంగా మూశాడు.

మధ్యాహ్నానికి బీరువా తాలూకు మనిషి పిన్నికి ఫోను చేశాడు. "అమ్మా, మీ ఆయన ఫోనెత్తడం లేదు. మా బీరువా ఎక్కడ?"

బీరువా ఊరు చూస్తోంది. చీకటిపడే వేళకి వెళ్ళినది వెళ్ళినట్టే ఇంటికొచ్చేసింది.

"ఉపగ్రహాలు అలిగినట్టున్నాయి," అన్నాడు బాబాయి నేల చూపులు చూస్తూ.

"ఒంటరిగా వదిలేస్తే ఎవరైనా అలుగుతారు," అంది పిన్ని.

మర్నాడు పిన్ని తన సీట్లో ఉంది, ల్యాప్‌టాప్ ఆవిడ ఒళ్ళో ఉంది. దారి పొడుగునా దిగి అడుగుతూ నిన్నటి బాకీ కూడా తీర్చుకుంది. తాళాల కొట్టున్న సందులోకి తిరుగుతుండగా బండి గోతిలో పడి లేచింది. డబ్బా మూత ఎగిరి బాబాయి ఒళ్ళో పడింది. కాసేపటికి తెర మీద బాణం గుర్తు మెరిసింది, సరిగ్గా వాళ్ళున్న సందులోనే.

బాబాయి బండి ఆపాడు. తెర చూశాడు, రేకు మూతని అటూ ఇటూ తిప్పి చూశాడు, పిన్నిని చూశాడు. పిన్ని తేలుకుట్టిన దొంగలా తల కిటికీ వైపు తిప్పుకుంది. సీటు పోయినట్టేననుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

బాబాయి మూతని డబ్బా మీద పెట్టి, గట్టిగా నొక్కాడు.

"సిగ్నల్ లేదు. దిగి అడుగు," అన్నాడు. "అలాగే ఆ తాళాలాయన కూతురు పరీక్ష పాసయిందో లేదో కనుక్కురా."