లాగితే ఒకటి, తోస్తే ఒకటి

డిపోలో అతణ్ణి అందరూ హారన్ అంటారు. ఎంత రద్దీలోనైనా హారన్ కొట్టని బస్సు డ్రైవరు కాబట్టి ఆ పేరు. నోరూ అంతే. పొద్దున బండెక్కితే సాయంత్రం దిగేదాకా పది మాటలు మాట్లాడితే గొప్ప. ఇంటికొచ్చేసరికి ఆ పదీ కూడా అయిపోయి ఉంటాయి. నడుం పట్టేసి, చెప్పులు విప్పడానికి వంగలేక, గుమ్మం దగ్గర కాసేపు గోడకానుకుని నిలబడతాడు. అలాంటి మనిషికి ఈ వయసులో ఒక సరదా పట్టుకుందంటే ఎవరు నమ్ముతారు!

సరదా అని పేరే గానీ, అదంతా మేనత్త కోసం. తల్లి పోయాక అతణ్ణి పెంచింది ఆవిడే. ఆవిడ దగ్గర ఒక పాతకాలపు కాన్సర్టీనా ఉండేది. ఆరు పలకల చిన్న పెట్టె, నడుమ మడతల తోలుతిత్తి, రెండు పక్కలా మీటలు. రెండు చేతుల మధ్య పట్టుకుని లాగుతూ తోస్తూ వాయించాలి. వంటయ్యాక ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని ఎప్పుడూ ఒకటే పాట వాయించేది. ఆ పాట వింటూనే అతను అన్నం తిన్నాడు, లెక్కలు చేశాడు, జ్వరాలు పడ్డాడు. పెట్టెను మాత్రం ముట్టనిచ్చేది కాదు. "చెయ్యి పెట్టావంటే వేళ్ళు విరగ్గొడతా" అనేది. తర్వాతెప్పుడో తిత్తి చిరిగింది, పెట్టె బీరువా మీదికెక్కింది. ఇప్పుడు ఆవిడ వేళ్ళు బిగుసుకుపోతున్నాయి. ఎడమచేతి చిటికెనవేలు అప్పుడే ముడుచుకుపోయింది. మిగతావి కూడా మొరాయించేలోపు ఆ పాట ఆవిడ చేత ఒక్కసారి వాయింపించుకుని వినాలి. అతని కోరిక అదొక్కటే.

ఆవిడకు తెలియకుండా పెట్టెను డిపోకి తీసుకుపోయాడు. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య అందరూ విశ్రాంతి గదిలో గుర్రుపెట్టి నిద్రపోతుంటే, అతను మూలన బల్ల మీద పని పెట్టుకునేవాడు. తిత్తి మడతల్లో పురుగు కొట్టేసిన చోటల్లా పాత చేతితొడుగుల తోలు పల్చగా చెక్కి అతికించాడు. మీటల కింద అరిగిపోయిన తోలుబిళ్ళలు మార్చాడు. కళ్ళు మూతలు పడుతుంటే మొహాన నీళ్ళు కొట్టుకుని మళ్ళీ కూర్చునేవాడు.

"ఏం హారన్, ఉద్యోగం మానేసి బ్యాండుమేళం పెడతావా ఏంటి?" అనేవాడు కండక్టరు.

అతను తల ఊపేవాడు. అది అవునో కాదో కండక్టరు తేల్చుకోవాల్సిందే.

తిత్తి గాలి నిలిపాక అసలు చిక్కు వచ్చి పడింది. ఏ మీట చూసినా తోస్తే ఒక స్వరం, లాగితే ఇంకో స్వరం. డ్రైవరు కాకముందు అతను హార్మోనియంలు బాగుచేసే కొట్లో పనిచేశాడు. అక్కడ ఒక మెట్టు నొక్కితే ఒకే స్వరం. తేడా వస్తే లోపలి రీడు, అంటే గాలికి అదిరి పలికే సన్నని రేకు, చెడినట్టే. ఇన్నేళ్ళ తుప్పుకి లాగే వైపు రీడ్లన్నీ దారి తప్పాయనుకున్నాడు పాపం. అత్తను ఒక్క మాట అడిగితే పోయేది. అడిగితే గుట్టు రట్టవుతుందాయె! తెలిసిన పనే కదా అని సన్నని ఆకురాయి చేతబట్టాడు. రీడు కొసన గీకితే స్వరం పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది. వారాల తరబడి గీకి గీకి, ప్రతి మీటా అటూ ఇటూ ఒకేలా పలికేట్టు చేశాడు. మెడ లాగేసింది, కళ్ళు మంటలెత్తాయి. అయినా పని అయిందన్న తృప్తితో ఆ సాయంత్రం బస్సు నడుపుతూ ఒక చిన్న హారన్ కూడా కొట్టాడట.

సెలవు రోజు మధ్యాహ్నం పెట్టెను అత్త ఒళ్ళో పెట్టాడు. ఆవిడ చాలాసేపు తిత్తిని తడిమింది.

"ఇది బతికిందట్రా!" అంది.

పట్టీల్లో చేతులు దూర్చి మొదలుపెట్టింది. వేళ్ళకు పాట గుర్తుంది. తోస్తే సరిగ్గానే పలికింది. లాగితే మళ్ళీ అదే స్వరం. పాట ఉన్నచోటే నత్తినత్తిగా కొట్టుకుంది. ఆవిడ ఆపేసింది.

"లాగే స్వరాలేవిరా?"

"తేడాగా ఉంటే... సరిచేశానత్తా."

"సరిచేశావా! ఒరే నాయనా, లాగితే ఒకటి, తోస్తే ఒకటి. దీని పద్ధతే అదిరా. ఇప్పుడు చూడు, పోయినా వచ్చినా ఒకటే దారి, నీ బస్సులాగా."

గుమ్మంలో నిలబడ్డ అతని భార్య నవ్వాపుకుంది. అతనికి నవ్వు రాలేదు. గీకేసిన ఉక్కు తిరిగి రాదు. కొత్త రీడ్లు ఎక్కడో దొరికి బిగించేసరికి ఆ వేళ్ళు ఆడతాయా? ఇన్నాళ్ళ అలసటా ఒక్కసారి మీద పడి ఏడుపొచ్చింది.

"చేతులారా పాడుచేశానత్తా" అన్నాడు.

"ఏడుపు తర్వాత. తోసేవి బాగానే ఉన్నాయిగా?"

ఆవిడ బొటనవేలితో పక్కనున్న మీట నొక్కి తిత్తిని లాగింది. అది గాలి మీట. చడీచప్పుడూ లేకుండా తిత్తి నిండింది.

"లాగేటప్పుడు ఇది ఇలా నోరు మూసుకుంటుంది. అక్కడ నువ్వు పాడు."

"నేనా?"

"ఇంకెవరు? మింగిన స్వరాలు నువ్వే కక్కాలి."

మళ్ళీ మొదలుపెట్టింది. పెట్టె పలికింది. తిత్తి లాగి, ఆవిడ అతని వంక చూసింది. అతను గొంతు సవరించుకున్నాడు. బస్సు పొగకు ఎండిన గొంతులోంచి బొంగురుగా ఏదో బయటికొచ్చింది. స్వరం మాత్రం సరైనదే. అన్నంతోపాటు తిన్న పాట, ఎక్కడికి పోతుంది! పెట్టెదొకటి, అతనిదొకటి, అలా కుంటుకుంటూ పాట సగందాకా వెళ్ళింది. అక్కడ అత్త ఉంగరపు వేలు మీట మీదే బిగుసుకుపోయింది. ఎంత కదిపినా లేవలేదు.

అతను ఆగలేదు. తోసే స్వరాలు కూడా తనే అందుకున్నాడు. ఆవిడ పెట్టెను ఒళ్ళోనే ఉంచుకుని, కళ్ళు మూసుకుని, పాట చివరిదాకా వింది.