కాఫీకి ముందు చెప్పాల్సిన మాట

మొన్న మదనపల్లె బస్టాండులో నా పక్కన కూర్చున్న ముసలాయన డబ్బీ మూత తీశాడు. ముక్కుపొడి ఘాటు తగిలి తుమ్ము మీద తుమ్ము వచ్చింది, దాని వెనకే నవ్వూ వచ్చింది. ఎప్పుడూ ముక్కుపొడి పీల్చే పుంగనూరు చెంగమ్మక్క గుర్తొచ్చింది నాకు. మా చుట్టుపక్కల ఊళ్లకు పెళ్లి సంబంధాలు కుదిర్చే మనిషి. పోయి చాలా ఏళ్లయింది. చదువు నాకంటే ఎక్కువేం కాదు, గొంతు మాత్రం నాకంటే పెద్దది.

తొంభైల చివరి సంగతి. నా భర్త పోయాక ఇంట్లో నేను, కూతురు ఈశ్వరి, మరిది మునెప్ప మిగిలాం. మునెప్పకు ఇరవై దాటగానే చెవిలో ఎవరెవరో మాట్లాడుతున్నట్టు వినిపించడం మొదలైంది. స్కిజోఫ్రెనియా అని డాక్టరు చెప్పిన పేరు నాకు ఇప్పటికీ నోరు తిరగదు. మాత్రలు పడ్డాక నెమ్మదించాడు. టమేటా తోటకు నీళ్లు కట్టేవాడు, ఆవును చూసుకునేవాడు. ఈశ్వరికి సంబంధాలు చూడబోతే, వాళ్లు వచ్చే రోజు మునెప్పను గుర్రంకొండలో చుట్టాలింటికి పంపేయమన్నాడు మా అన్న. నాకూ అదే మేలనిపించింది.

చెంగమ్మక్క ఒప్పుకోలేదు. ఆమె పద్ధతి వేరు. చూడవచ్చినవాళ్లు కాఫీ తాగకముందే ఇంట్లోని కొరత చెప్పేయాలి, గొప్పలు తర్వాత.

"కాఫీ తాగినాక చెప్తే మొగమాటానికి తలూపుతారు. పెండ్లయినాక తెలిస్తే నీ కూతుర్ని వాకిట్లో నిలబెడతారు. అదుండనీ, పిల్లకు ఆ జబ్బొస్తాదా రాదా, ఎవుర్నన్నా అడిగినావా?"

"అడగాలంటేనే భయమక్కా."

"నువ్వు భయపడతా ఉండు, నేనడుగుతా. పా!"

మునెప్పకు మందులిచ్చే డాక్టరు దగ్గరికి నన్ను లాక్కుపోయింది. ఆయన ఓపికగా చెప్పాడు. "ఇంట్లో ఎవరికీ లేకపోయినా నూటికి ఒకరికి వస్తుందమ్మా. చిన్నాన్నకు ఉంటే నూటికి ఇద్దరికో ముగ్గురికో. తల్లికో తండ్రికో ఉంటే పదిమంది దాకా. మీ పిల్లకు రానే రాదని మాత్రం నేను రాసివ్వలేను."

"అంటే సారూ, మిగతా అంతమందికీ రాదనే కదా?" అంది చెంగమ్మక్క. "నేను కుదిర్చే మొగుళ్ల గురించి అంత గట్టిగా ఎప్పుడూ చెప్పలేకపోయినాను!"

డాక్టరు కళ్లద్దాలు తీసి మరీ నవ్వాడు. ఆ గదిలో నేను నవ్వడం అదే మొదటిసారి.

మొదట పుంగనూరు నుంచి వచ్చినవాళ్లు, చెంగమ్మక్క కొరత చెప్పగానే లేచి చెప్పులేసుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. "నీ నోటితో నా కూతురి బతుకు పాడుచేస్తివి గదక్కా!" అని అరిచాను. ఆమె తాపీగా పీట జరుపుకుని కూర్చుంది. "పొయ్యేవాళ్లు ఈ పొద్దే పోయినారు, మంచిదే. ఆ కాఫీలు ఇట్ల తే, సల్లారతాండాయి." రెండు లోటాలు తాగింది. మూడోది మునెప్పకిచ్చింది.

తర్వాత కుప్పం వాళ్లు వచ్చారు. చెంగమ్మక్క మళ్లీ మొదలుపెట్టింది. "పిల్లకు కోపం జాస్తి. చిన్నాయనకు మతి చెదిరే జబ్బుండాది, మాత్రలతో బాగుండాడు. ఆ గడప కాడ కూసోనుండేది ఆయప్పే."

"రక్తంలో వస్తాదంటారే?" అంది పెళ్లికొడుకు తల్లి.

చెంగమ్మక్క డాక్టరు లెక్కంతా అప్పజెప్పింది. "నూటికొకరనేది అందరిండ్లకూ ఉండేదేమ్మా. మీ ఇల్లేమన్నా ఆ లెక్కకు బయటుండాదా?"

పెళ్లికొడుకు తల్లి మునెప్ప వైపే తిరిగి అడిగింది. "ఏమప్పా, మాత్రలు సరిగ్గా మింగతాండావా?"

"మింగతాండా. నిద్దర జాస్తిగా వస్తాది," అన్నాడు మునెప్ప.

"మా ఇంటాయన షుగరు మాత్రలు ఇస్తే కిటికీలోంచి పారేస్తాడు. నువ్వే మేలు!"

పెళ్లికొడుకు తండ్రి కిటికీ వైపు చూశాడు. అందరం పకపకా నవ్వేశాం. "ఇంక కాఫీ తెండమ్మా," అందావిడ. పెళ్లిలో మునెప్ప కొత్త పంచె కట్టుకుని ముందు వరుసలోనే కూర్చున్నాడు.

భయం పూర్తిగా పోయిందని చెప్పను. నూటికి ఇద్దరో ముగ్గురో అన్నారంటే, ఆ ఇద్దరూ ముగ్గురూ ఎవరో ఒకరి బిడ్డలే కదా. అయితే ఆ భయాన్ని నోరు తెరిచి చెప్పుకోవచ్చని చెంగమ్మక్క దగ్గరే నేర్చుకున్నాను. ఈశ్వరి మొదటి కాన్పుకు వచ్చినప్పుడు పొట్ట మీద చెయ్యేసుకుని అడిగింది.

"అమ్మా, వీడికి చిన్నాయన జబ్బొస్తే?"

నేను ఉలిక్కిపడలేదు. నోరు మూసుకోమనీ అనలేదు.

"రాదులే అని నేను చెప్పలేను పాపా. వస్తే మాత్రం వీడ్ని ఏ చుట్టాలింటికీ పంపేది లేదు."