ఎలుకల పస్తు

ఆ సాయంత్రం పీరా సాహెబ్ ఎలుకల నీళ్ల సీసాలన్నీ కడిగి పిట్టగోడ మీద బోర్లించాడు. పంకజాక్షి ఇచ్చిన ఓలిగను ఆకుతో సహా తువ్వాలులో మూటగట్టి సైకిలెక్కాడు.

"ఈడనే తినొచ్చు గదా! నా ముందర తింటే అరగదా?" అంది పంకజాక్షి. పూతలపట్టు నుంచి వాళ్లమ్మ బెల్లం పూర్ణం పెట్టి చేసి పంపిన ఓలిగలవి.

"ఇంటికాడ తింటాలేమ్మా," అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

తిరుపతిలో ఆమె పరిశోధన చేసేచోట, వెనకనున్న ఎలుకల గది పీరా సాహెబ్ రాజ్యం. బోనులు ఊడ్చేవాడు, శనగలు నానేసేవాడు, ఒక్కో ఎలుకనూ ఇంటల్లుణ్ణి పలకరించినట్టు పలకరించేవాడు.

ఒంట్లో కణితి పెరిగేకొద్దీ కాలేయంలో ఎంజైముల చురుకు ఎలా మారుతుందో, క్రోమోజోములు ఎంత దెబ్బతింటాయో తేల్చడం పంకజాక్షి పని. అందుకు ఎలుకల్ని రాత్రంతా పస్తుంచి పొద్దున్నే కోసేది. క్రోమోజోములు ఆమె అనుకున్నట్టే బుద్ధిగా నడుచుకున్నాయి. కణితి పెరిగేకొద్దీ మైక్రోస్కోపు కింద తెగిన ముక్కలు ఎక్కువగా కనబడ్డాయి. ఎంజైములే ఒకనాడు ఎక్కి, ఒకనాడు దిగి ఆమెతో ఆడుకున్నాయి. ఇలాగైతే డాక్టరేటు మీద ఆశ వదులుకోమన్నాడు గైడు పరంధామయ్య.

ఒక పొద్దున ఎలుక కడుపు కోస్తే నిండా వేరుశనగ పప్పు!

"పీరా సాహెబ్, ఈడికి రా. ఇదేంది?"

"సెనక్కాయ పప్పమ్మా."

"అది నాకూ తెలుసులే. ఎవురు పెట్టినారు?"

పీరా సాహెబ్ తల గోక్కున్నాడు. "సచ్చేవాడికైనా ఇంత బువ్వ పెట్టి పంపిస్తారు గదమ్మా. నువ్వేమో కడుపు మాడ్చి కోస్తివి."

"నీ పప్పు తిని నా సదువు సచ్చేట్టుండాది! తిండి పడితే కాలేయం తీరే మారిపోతాదబ్బా."

"ఒక్క రాత్రే గదా?"

"ఒక్క రాత్రే."

"అయితే మా రంజాన్ రోజా మాదిరి అనుకుంటాలే," అన్నాడు పీరా సాహెబ్.

ఆపైన ఎంజైములు దారికొచ్చాయి. పస్తు సాయంత్రాల్లో పంకజాక్షి ఏం పెట్టినా పీరా సాహెబ్ మూటగట్టుకునేవాడు. "పెండ్లాం మీద ప్రేమ పొంగిపోతా ఉండాదే!" అని ఆమె ఆట పట్టిస్తే, సిగ్గుపడి బెల్లు కొట్టుకుంటూ పోయేవాడు.

ఆ సాయంత్రం ఓలిగ ఇచ్చింది ఆఖరి ఎలుకల పస్తునాడే. తెల్లవారి ఆమె వచ్చేసరికి అటెండరు చిన్నబ్బ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"పీరా సాహెబ్ పోయినాడమ్మా. గుండెనొప్పంట."

ఆమె వాళ్లింటికి పరుగెత్తింది. గూట్లో తువ్వాలు మూట అలాగే ఉంది.

"ఓలిగ కూడా తినలేదా?" అంది పంకజాక్షి, ఆయన భార్య రహిమున్నీసా చేతులు పట్టుకుని.

"ఎట్ల తింటాడమ్మా?" అంది రహిమున్నీసా. "మీరు ఎలకల్ని పస్తుంచిన రాత్రి ఆయనా ముద్ద ముట్టడు గదా. నీకు చెప్పలేదా?"