పొడుగున్నదంతా పాము కాదు

బుచ్చిరాములుకు లోకంలో ఒక్కటే పని: చేపలకు చుట్టరికాలు కలపడం! పాత కాగితాల దుకాణంలో తూకానికి కొన్న, అట్ట ఊడిన హిందీ చేపల పుస్తకం ఆయన చంక దిగేది కాదు. మగ్గం బెల్టు తెగినా, నల్లా దగ్గర బిందెల వరుస కదిలినా ఒకటే మాట: "పొడుగున్నదంతా పాము కాదు!"

ఆ మాటలో పాము ఉందంటేనే ఓదెమ్మకు దడ. మొగుడు పోయాక, వలసొచ్చిన మరాఠీ గడ్డ మీద, గైబీ నగర్ మరమగ్గాల గేటు ముందు వేయించిన వాం చేప అమ్ముతోంది. పాములా పొడుగ్గా ఉండే ఆ చేప మన మలుగుపాపకు సముద్రంలో అక్క లాంటిది. చవగ్గా దొరికేది అదొక్కటే. గంప ఖాళీ అయితేనే ఇంట్లో పొయ్యి.

"పామును ఏంచి అమ్ముతున్నదిరో!" అని మొదటిరోజే మగ్గం కుర్రాడు అంకుశం ఎగిరాడు. గంప నిండుగానే ఇంటికి తిరిగొచ్చింది.

మర్నాడు పాళీ మారి కూలీలు బయటికొచ్చే వేళ బుచ్చిరాములు ఊడిపడ్డాడు. కనుబొమ్మల మీద కూడా దూది. మబ్బుతునక దారి తప్పి మగ్గాల్లోంచి వచ్చినట్టు. 'ఉన్న బేరం కూడా పాయె' అనుకుంది ఓదెమ్మ. ఆయన, వేయించడానికి ఉంచిన పచ్చి చేప తోకను దూదిపింజతో పట్టి, ముఖం పక్కకు తిప్పుకుని పైకెత్తాడు.

"అంకుశం! పాముకు మొప్పలుంటయారా? ఈపు పొంటి గిట్ల కుచ్చిళ్ల లెక్క రెక్కలుంటయా?"

"ఉండయి."

"మరి? వెండి పొలుసుల పెద్దకండ్ల చేప దీనికి చుట్టం! ఒకే ఖాందాన్!"

"ఎట్ల మామా? ముక్కు కలువది, మొఖం కలువది!"

"పుస్తకంల వీటి పసితనం చూడురా! రెండూ గాజు ఆకు తీరే. ఇటుకెల్లి చూస్తే అటు కనవడ్తది. మన కోరా బట్ట లెక్క. రంగు పడ్డంకనే గదా గిది లుంగీ, గది లంగా!"

జనం విరగబడి నవ్వారు. నవ్విన నోళ్లలో ఒకటి ముక్క కొరికి "అబ్బ!" అంది. అంతే, గంప అడుగు కనిపించింది!

ఇక రోజూ ఉపన్యాసమే. "మామా, లగ్గం కుదురుస్తున్నవా ఏంది? జెర తొందరగ కానీ!" అని జనం కేకలు.

వాన సాయంత్రం ఓదెమ్మ నడిముక్క ఆకులో పెట్టి ఇచ్చింది. "అన్నా, ఒక్కనాడన్న నోట్లె పెట్టకపోతివి. తిను."

బుచ్చిరాములు రెండడుగులు వెనక్కి వేశాడు. బనీను కిందినుంచి తులసిమాల బయటికొచ్చింది.

"పండరి మాల ఏసుకున్న చెల్లె. పదేండ్లాయె, నీసు తిన."

"మరి రోజూ పట్టుకుంటివి?"

"ఇంటికి పోయి తానం చేస్త. విఠోబ అడిగితే, పొడుగున్నదంతా పాము కాదని చెప్త!"

మర్నాడు గంపలో ఒక మూల, విడిగా ఆకు పరచి, వేరే నూనెలో వేయించిన వేడి మిరపకాయ బజ్జీ ఉంది. బుచ్చిరాములు దాన్ని తొడిమ పట్టి పైకెత్తాడు. కళ్లు మెరిశాయి. జనం మూగారు.

"పొడుగున్నదంతా..."

"ముందుగాల తిను అన్నా!" అంది ఓదెమ్మ. "గంపల దాని చుట్టాలు సల్లారుతున్నయి!"