రత్నమ్మ చూసిన డాలు బొమ్మలు

కరోనాకు ముందు ఏడాది, వేసవి. నేను మదనపల్లెలో ఉంటూ పాత నాణేలకు క్యాటలాగింగ్ చేసేదాన్ని. అంటే ఒక్కో నాణేన్ని తూచి, కొలిచి, దాని మీది బొమ్మలు గుర్తుపట్టి రాయడం. రామకుప్పం వైపు ఒక పల్లెలో పంట కుంట తవ్వుతుంటే వెండి బిళ్ళల కుండ దొరికిందని కబురొస్తే వెళ్ళాను.

అక్కడి మండలాఫీసు బల్ల మీద పదకొండు డినేరియస్‌లు పెట్టారు. రెండు వేల ఏళ్ళ నాటి రోమన్ వెండి నాణేలు. అన్నేళ్ళు మట్టిలో ఉన్న వెండి నల్లగా ఉండాలి. ఇవి తళతళలాడుతున్నాయి. ముందు వైపు చక్రవర్తి బొమ్మ చెంప నిండా కొత్త గీతలు. వెనక వైపు, మేము రివర్స్ అంటాం, కుర్చీలో కూర్చున్న స్త్రీ చేతిలోని కొమ్మ అరిగిపోయింది. నాకు ఒళ్ళు మండింది.

"ఎవరు తోమారు వీటిని?"

"మురికిగా ఉంటే యాసిడ్ పెట్టి కడిగించినాము మేడం," అన్నాడు కుండను తీసుకున్న ఉద్యోగి. "కుండ నిండా ఉన్నాయని తోటి కూలోళ్ళు చెప్తాండారు. మిగతావి ఆ యమ్మే దాచేసింది. స్టేషన్‌కు పంపితే తెలుస్తాది."

ఆ యమ్మ పేరు రత్నమ్మ. కుండను తవ్వి తీసిన మనిషి. పొద్దున్నుంచి తిండి లేకుండా వరండాలో నేల మీద కూర్చోబెట్టారు. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"కుండతో సహా తెచ్చి ఆయప్ప చేతికే ఇస్తి కదమ్మా. దొంగదాన్నయితే యాల తెస్తాను?" అంది. "ఒగ బిళ్ళ కొంగుతో తుడిచి సూసినా. ఇద్దురు మగోళ్ళు నిలబడి ఉండారు. నడుమ రెండు డాళ్ళు, ఈటెలు. అట్లాంటివి ఇంకా ఉన్నాయి."

ఉలిక్కిపడ్డాను. అది అగస్టస్ చక్రవర్తి నాణెం. ఆ ఇద్దరూ ఆయన దత్తత తీసుకున్న మనవళ్ళు. బల్ల మీద ఆ రకం ఒక్కటీ లేదు.

లోపలికి వెళ్ళి, "ఇంకో రకం కూడా ఉండాలే, అవేవి?" అని మాత్రం అడిగాను.

"డాళ్ళ బొమ్మవా? అవి నేను సూడనే లేదు మేడం."

"డాళ్ళని నేను అనలేదే!"

నేను అరిచిన అరుపుకు పక్క గదిలోంచి అతని పై అధికారి లేచి వచ్చాడు. ఆయన నిలదీస్తే అమ్మేశానని ఒప్పుకున్నాడు. సాయంత్రానికి పుంగనూరులోని ఒక వెండి కొట్టు నుంచి ఆరు నాణేలు తిరిగొచ్చాయి. ఒకదానికి లాకెట్ కోసం అప్పటికే కొక్కెం అతికించేశారు. మిగిలినవి కరిగిపోయాయి.

ఆ ఉద్యోగికి బదిలీ, అంతే. రత్నమ్మకు ఒక్కరూ క్షమాపణ చెప్పలేదు. "ఇంగ పోవచ్చు" అన్నారు. కాళ్ళు తిమ్మిరెక్కి, గోడ పట్టుకుని లేచింది. ఇప్పటికీ తలుచుకుంటే నా పళ్ళు పటపటమంటాయి.

ఆ కోపంలో కొంత నా మీద కూడా. అన్నేళ్ళూ నేను ముందు నాణేలనే చూశాను. అవి దొరికిన మనిషిని చాలాసార్లు అడగనేలేదు. ఇప్పుడు లెన్స్ బయటికి తీయకముందే తవ్విన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, చెప్పింది చెప్పినట్టు రాసుకుని సంతకమో వేలిముద్రో తీసుకుంటాను. ఆ రోజు రిపోర్టులో కనుగొన్నవారి గడిలో 'కూలీలు' అని రాయమన్నారు. నేను రత్నమ్మ పేరు రాశాను, ఇంటిపేరుతో సహా.