గంట క్యాసెట్టులో మల్లన్న కథ

దయ్యాల కబుర్లు ఎవరు మొదలుపెట్టినా నేను లేచి వెళ్లిపోయేవాణ్ణి. టేప్‌రికార్డర్లు బాగుచేసి బతికినవాణ్ణి. బరబరమంటే దుమ్ము, ఆగిందంటే బెల్టు, నెమ్మదించిందంటే కరెంటు. కారణం దొరకని జబ్బు నా చేతికి రాలేదు, ఈ ఒక్కటి తప్ప.

ఎనభైల మొదట్లో వరంగల్‌లో నాకు రికార్డింగ్ షాపు ఉండేది. పాటలూ కథలూ పెద్ద టేపు చుట్టలు తిరిగే స్పూల్ మిషన్ మీద రికార్డు చేసి, దాన్నుంచి క్యాసెట్లకు ఎక్కించి అమ్మేవాణ్ణి. మిషన్ పాతదైపోయిందని కొత్త మోటారు బిగించాను. దానికి వేగం పెంచుకునే మీట ఉండేది.

కొమురయ్య తాత పరకాల దగ్గరి ఊరివాడు. ఒగ్గు కథ చెప్పేవాడు. డోళ్ల మోతను కూడా దాటి వినిపించే బరువైన గొంతు. ఆయన చెప్పిన మల్లన్న కథ గంటంబావు వచ్చింది. క్యాసెట్టు గంటసేపే తిరుగుతుంది. రెండు క్యాసెట్లంటే ఎవరూ కొనరని, మీట పెంచి ఎక్కించేశాను. కథ పట్టింది. గొంతు మాత్రం చిన్నపిల్ల గొంతులా సన్నబడింది. వినీ విననట్టు ఊరుకున్నాను.

క్యాసెట్లు ఊళ్లకు చేరాక తాత షాపుకు వచ్చాడు.

"కొడుకా, నేను గిట్ల పాడిన్నా? కొమురయ్య కాదు, కొమురవ్వ పాడుతాందని మావోళ్లు నవ్వుతాండ్రు."

షాపులో ఉన్నవాళ్లు కూడా నవ్వారు. వాళ్ల ముందు తప్పు ఒప్పుకోవడం నామోషీ అనిపించింది.

"మిషన్ అబద్ధం చెప్పదు తాతా. వయసు మీదపడ్డది," అన్నాను.

ఆయన నమ్మాడు. ఆ తర్వాత ఎక్కడా కథ చెప్పలేదట. పిలవడానికి వచ్చినవాళ్లతో గొంతు పోయిందనేవాడట. మరుసటి వానాకాలంలో చనిపోయాడు.

ఆయన పోయాక ఆ క్యాసెట్లు మళ్లీ అడిగారు. స్పూల్ పెట్టి మీట పెంచాను. మిషన్ వేగం అందుకోలేదు. మిగతా స్పూళ్లన్నీ మామూలుగానే పరుగెత్తాయి, తాతది మాత్రం నిదానంగానే తిరిగింది. బెల్టు మార్చాను, మోటారు విప్పి మళ్లీ బిగించాను. పక్క షాపు మెకానిక్ చూసి, "మిషన్‌కు ఏ బీమారీ లేదన్నా, నీకే ఏమన్న ఉన్నదేమో," అని వెళ్లిపోయాడు.

పాత మిషన్‌కు కొత్త మోటారు పడలేదనుకున్నాను. విసుగొచ్చి ఆ స్పూల్ మీద వేరే పాటలు రికార్డు చేశాను. తాత అసలు గొంతు మిగిలింది దాని మీదేనని చెరిపేశాక గానీ తట్టలేదు.

అప్పటినుంచి మనసు కుదురుగా లేదు. నిజం చెబుదామని ఆయన భార్య లచ్చమ్మ దగ్గరికి వెళ్లాను. నేను నోరు తెరిచేలోపే ఆమె టేప్‌రికార్డర్‌లో క్యాసెట్టు వేసింది. నేను అమ్మినదే, దాని మీద నా చేతిరాత ఉంది.

తాత గొంతు వచ్చింది. బరువుగా, నిదానంగా. మధ్యలో ఆమె క్యాసెట్టు తిప్పి వేసింది. మంగళం దాకా విన్నాం. గంట క్యాసెట్టు గంటంబావు తిరిగింది.

"మంచిగనే ఉన్నది గద కొడుకా. మరి వయసు మీదపడ్డదని ఆయనతోని ఎందుకన్నవ్?"

అప్పుడు కూడా అబద్ధమే నోటికొచ్చింది. "బ్యాటరీలు తగ్గినయేమో అవ్వా. అట్లైతే నిదానంగ తిరుగుతది, గొంతు బరువైతది."

ఆమె గోడకున్న ప్లగ్గు చూపించింది. "కరెంటు మీద నడుస్తాంది."

ఇక దాచలేక మొత్తం చెప్పేశాను. ఆమె తిట్టలేదు. "గీ మాట ఆయనతోని అంటే ఏం పోతుండె నీకు?" అంది. క్యాసెట్టు తీసి నా చేతిలో పెట్టి, "నవ్వినోళ్లకు ఇనిపియ్యి, పో," అంది.

ఆనాడు నవ్వినవాళ్లను షాపుకు పిలిచి, తప్పు నాదేనని చెప్పి క్యాసెట్టు వేశాను. సన్నటి గొంతే వచ్చింది. వేరే టేప్‌రికార్డర్లలోనూ వేసి చూశాను. అదే. తిరిగి తీసుకెళ్లి లచ్చమ్మకు ఇచ్చాను. ఆమె ఇంట్లో పెట్టగానే మళ్లీ తాత గొంతు.

ఎట్లా అని నన్నడిగితే, అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. నా దగ్గర మాత్రం అది నేను చేసినట్టే పలికింది.